గారపళ్ల ఊళ్లో ఆరోగ్య పాఠం ఎవరు చెప్పాలి?

పేద దేశాల సర్కారు బడుల్లో రెండు మూడు వారాలుండి ఆరోగ్య పాఠాలు చెప్పి వెళ్లే వలంటీర్లు వెంట తెచ్చుకునే పాఠం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే: రోజూ పళ్లు తోముకోండి, నీళ్లు కాచి తాగండి. మంచి మాటలే. కానీ నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు బోరునీళ్లు తాగి పెరిగినవాళ్లకు ఇవి పనికిరావు. వాళ్ల పళ్ల మీది గార ఎంత తోమినా పోదు. సుమారు ఎనిమిదేళ్లలోపు, చిగురు లోపల ఎనామిల్ తయారయ్యే వయసులోనే ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన చెరుపది. గారపళ్ల పిల్లను సరిగా తోముకోమంటే, చేయని తప్పును నలుగురిలో ఆ పిల్లమీద మోపినట్టే. ఇక కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. అందుకే ఆరోగ్య పాఠం ఊరి నీళ్లు, ఊరి తిండి ఎరిగినవాళ్లే చెప్పాలి. బయటివాళ్ల సాయం వాళ్ల వెనక నిలబడాలి.

ఇందుకు నల్గొండ పేరు మోసుకెళ్లిన పద్ధతే సాక్ష్యం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే నల్గొండ టెక్నిక్‌ను నాగ్‌పూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించింది. అది టాంజానియా, కెన్యా, ఇథియోపియాల దాకా వెళ్లింది. అయితే పటిక మోతాదు నీటిని బట్టి మారుతుంది, అడుగున చేరే మడ్డిని ఎప్పటికప్పుడు తీయాలి. రోజూ చూసుకునే మనిషి లేనిచోట అది నిలవదు. పైగా టాంజానియాలో కూర ఉడకడానికి వేసే మగాడి అనే ఉప్పులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. ఒక్క నీళ్ల గురించే చెప్తే అక్కడ సగం పాఠమే. మన దగ్గరా అంతే. చింతపండు తిన్న పిల్లల్లో ఫ్లోరైడ్ మూత్రం ద్వారా ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో చూపారు. పచ్చిపులుసు తాగే ఇంట్లో ఈ మాట నాటుకున్నట్టు ఏ పోస్టరూ నాటుకోదు.

ఊరిని ఎరిగిన ఆ మనిషి బడి టీచరే. టీచర్లకు ఇప్పటికే తలకు మించిన పని ఉందనేవాళ్ల మాట నిజమే. 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బడి ఆరోగ్య కార్యక్రమం కూడా బడికి ఇద్దరు టీచర్లకే ఈ బాధ్యత ఇచ్చింది. వలంటీర్లు దించాల్సింది ఈ బరువునే. అమెరికాలో స్థిరపడిన మన జిల్లాల డాక్టర్లు, ఇంజినీర్లు ఫ్లోరైడ్ పరీక్ష కిట్లు సమకూర్చవచ్చు, ఆ ఇద్దరికీ ఫోన్లోనే శిక్షణ ఇవ్వవచ్చు. బోరునీళ్లలో మందుచుక్కలు పడి గులాబీరంగు పసుపులోకి తిరగడం పిల్లలు కళ్లారా చూడాలి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదని అప్పుడు వేరే చెప్పక్కర్లేదు. వంగి కాలివేళ్లు అందుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు తలవెనక్కి పెట్టడం: ఫ్లోరైడ్ వల్ల కీళ్లు బిగుసుకున్నాయేమో తెలిపే ఈ మూడూ తాతతో చేయించి చూడమంటే పాఠం ఇంటికీ చేరుతుంది.

2016లో మొదలైన మిషన్ భగీరథతో నదినీళ్లు వచ్చాయి కదా, ఇంకా ఈ పాఠమెందుకని అడగవచ్చు. రావడం గొప్ప మేలు. కానీ పైపు పగిలిన రోజు బోరే దిక్కవుతుంది. ఆ రోజు ఏ నీళ్లు వంటకు, ఏవి స్నానానికి అన్నది ఇంట్లోవాళ్లకు తెలిసుండాలి. పైగా పాలమూరు నుంచి పనులకు వలసపోయే కుటుంబాల పిల్లలు ఎక్కడెక్కడి నీళ్లో తాగి, వానాకాలానికి బడికి తిరిగొస్తారు. పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పాలి. ఆ జూన్ నెలలో బడిలో ఉండేది టీచరే.