కుటుంబ ట్రస్టు షేర్లు చేతికొచ్చాక

అపోహ: ట్రస్టు డీమ్యాట్ ఖాతా నుంచి పిల్లల ఖాతాకు షేర్లు మారడం అమ్మకం కాదు కాబట్టి ఎక్కడా చెప్పనక్కర్లేదు.

వాస్తవం: డీడ్‌లో పేరున్న లబ్ధిదారుకు తన వాటా అందితే అది అమ్మకం కాదు, నిజమే. కానీ డిపాజిటరీ రికార్డులో అది ఆఫ్-మార్కెట్ బదిలీ. అందువల్ల ఆదాయపన్ను శాఖ వార్షిక సమాచార నివేదిక (ఏఐఎస్)లో కనిపిస్తుంది. అక్కడే ‘ఈ ఆదాయానికి పన్ను వర్తించదు’ అని నమోదు చేసుకునే వీలుంది. ట్రస్టీల తీర్మానం, డెలివరీ స్లిప్పు నకలు భద్రంగా ఉంచుకోండి. అన్‌లిస్టెడ్ షేర్లయితే ఆదాయం ఎంతైనా ఐటీఆర్-2లో కంపెనీవారీగా రాయాల్సిందే.

అపోహ: షేర్లు నా ఖాతాలో పడిన రోజు ధరే నా కొనుగోలు ధర.

వాస్తవం: ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. తండ్రి 2005లో వెయ్యి షేర్లు 40 రూపాయల చొప్పున కొని, తర్వాత ట్రస్టులో పెట్టారనుకుందాం. 2024లో అవి కూతురికి వచ్చాయి, అప్పటి ధర 900. మరుసటి ఏడాది ఆమె 950కి అమ్మింది. లాభం 50 వేలే, దీర్ఘకాలిక లాభాలకున్న 1.25 లక్షల మినహాయింపులోనే ఉంది కదా అనుకుంటే పొరపాటు. చట్టం చూసేది తండ్రి కొన్న ధరను, తేదీని. 2018 జనవరి 31కి ముందు కొన్నవి కాబట్టి ఆనాటి గరిష్ఠ ధరను తీసుకోవచ్చు. అది 300 అయితే లాభం 6.5 లక్షలు. మినహాయింపు పోగా 5.25 లక్షల మీద 12.5 శాతం చొప్పున 65,625 రూపాయలు, ఆపైన సెస్సు. ఇలాంటి పాత షేర్ల వివరాలు షెడ్యూల్ 112ఏలో ఒక్కో కంపెనీకి విడిగా నింపాలి. అందుకే నాన్నగారి పాత కాంట్రాక్ట్ నోట్లు ఇల్లు సర్దేటప్పుడు పారేయకండి. ఆయన ఉండగానే అడిగి తీసుకోండి.

అపోహ: మనవాళ్లందరూ చట్టం దృష్టిలోనూ బంధువులే.

వాస్తవం: బంధువుల మేలు కోసమే పెట్టిన ట్రస్టుకు షేర్లు ఇస్తే, వాటి విలువ మీద ట్రస్టుకు పన్ను పడదు. అయితే ఆ బంధువుల జాబితాలో ఇచ్చేవారి తోబుట్టువులున్నారు, వాళ్ల పిల్లలు లేరు. మేనమామ నేరుగా మేనల్లుడికి షేర్లు రాసిస్తే పన్ను లేదు, ఎందుకంటే పుచ్చుకునే మేనల్లుడికి మేనమామ చట్టప్రకారం బంధువే. అదే మేనల్లుణ్ని లబ్ధిదారుగా చేర్చి మేనమామ ట్రస్టు పెడితే ఆ మినహాయింపు దక్కదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. అయినా డీడ్ రాయించే ముందే చూసుకోవాలి. పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు కూడా ఆ జాబితాలో లేరు.

అపోహ: ట్రస్టు అంటే ఐటీఆర్-7.

వాస్తవం: అది ధార్మిక సంస్థలకు. కుటుంబ ట్రస్టు వేయాల్సింది ఐటీఆర్-5, తన సొంత పాన్ మీద.