కలలో మెలకువ వస్తే భయపడాలా?

ఈ నెల మనము కాస్త బిడియము విడిచి ఒక సంగతి మాట్లాడుకుందాము. పగలంతా దేనికీ జంకనివారు కొందరు రాత్రి పక్క వేసే వేళకు బెదిరిపోతుంటారు. మైపాడు దగ్గరో, ఇస్కపల్లి దగ్గరో, జువ్వలదిన్నె దగ్గరో తెల్లవారకముందే పడవను అలల మీదికి తోసుకొనిపోయే మనిషి ఇంటిలో కళ్లు మూసుకోవడానికి భయపడుతున్నాడంటే వినేవారు నవ్వుతారేమో. అందుకే అతడు ఎవరితోను చెప్పడు. ఇల్లాలితో కూడ చెప్పడు. పాస్టరుగారితో చెబితే విశ్వాసము చాలలేదంటారేమోనని మరొక భయము.

ఈ భయము ముఖ్యముగా రెండు విధములుగా ఉంటుంది. మొదటిది కలలోనిది. తన ఇల్లే కనబడుతుంది గాని వాకిలి తూర్పుకు బదులు పడమటికి ఉంటుంది. ఎప్పుడో ప్రభువునందు నిద్రించిన నాయన అరుగు మీద కూర్చొని వల బాగుచేస్తుంటాడు. ఉన్నట్టుండి, "నాయన పోయి మూడేండ్లయిందే, అయితే ఇది కల" అని తెలిసిపోతుంది. తెలిసినా కల ఆగదు. లేవాలని చూస్తే మెలకువ రాదు. రెండవది తెల్లవారుజామున వచ్చేది. కళ్లు తెరచుకుంటాయి, పైకప్పు కనబడుతుంది, ప్రక్కనున్న పిల్లల ఊపిరి వినబడుతుంది. కాని కాలు కదలదు, చేయి లేవదు, గొంతు పెగలదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు.

ఈ సంగతి బయటపడిందా, తలకొక మాట. ఆత్మ బయట తిరిగి వచ్చిందని ఒకరు, గాలి సోకిందని ఒకరు, దయ్యము గుండెల మీద కూర్చున్నదని ఇంకొకరు. తాయెత్తు కట్టించేవారు, నిమ్మకాయ తిప్పేవారు ఎప్పుడూ సిద్ధముగానే ఉంటారు. చేతి డబ్బు పోతుంది. దానికంటె పెద్ద నష్టము నిద్ర పోవడము. ఇంటిలో పెద్దలు గుసగుసలాడే మాట విన్న పిల్లవాడు ఇక దీపము ఆర్పనివ్వడు.

అపవాది లేడని మేము చెప్పడము లేదు. కాని శరీరములో జరిగే ప్రతి సంగతికి వాని పేరు పెట్టితే, దేవుడు చేసిన శరీరమును మనము ఎరుగకుండ పోతాము. కాబట్టి ముందు నిద్రలో ఏమి జరుగుతుందో చూద్దాము.

నిద్రలో శరీరము చేసే పని

1953లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు ఒక విషయము ప్రకటించారు. నిద్రపోయేవారి కన్నులు కొన్ని వేళలలో రెప్పల క్రింద గబగబా కదులుతుంటాయి. అప్పుడు లేపి అడిగితే ఎక్కువమంది కల కంటున్నామని చెప్పారు. రాత్రిలో ఈ కలల వేళ సుమారు గంటన్నరకు ఒకసారి చొప్పున నాలుగైదు సార్లు వస్తుంది. మొదటిసారి కొద్ది నిమిషములే ఉంటుంది. తెల్లవారుజామున వచ్చేది అన్నిటికంటె దీర్ఘమైనది.

ఆ వేళలో మెదడు మరొక పని కూడ చేస్తుంది. చేతులకు, కాళ్లకు పోయే ఆజ్ఞను ఆపివేస్తుంది. లేకపోతే కలలో పరుగెత్తేవాడు పక్క మీద నుండి లేచి నిజముగానే పరుగెత్తుతాడు. ఊపిరి తీయించే కండరము, కన్నులను త్రిప్పే కండరములు మాత్రము పని చేస్తూనే ఉంటాయి. ఇది మన క్షేమము కొరకు ఉన్న ఏర్పాటు, జబ్బు కాదు.

ఒక్కొక్కసారి ఈ ఏర్పాటులో చిన్న తేడా వస్తుంది. శరీరము నిద్రలో ఉండగానే తెలివి కొంత మేలుకుంటుంది. కల మధ్యలో అలా జరిగితే ఇది కల అని తెలుస్తుంది. దీనిని ఇంగ్లీషువారు లూసిడ్ డ్రీమ్ అంటారు. మనము ఎరుక గల కల అనుకోవచ్చు. కల ముగిసి కళ్లు తెరచినా కాళ్లు చేతులకు పడిన కట్టు ఇంకా విడిపోకపోతే, అదే కదలలేని స్థితి. గుండెల మీద కూర్చున్నది దయ్యము కాదు. మెదడు శరీరమునకు వేసిన కట్టు విడిపోవడములో జరిగిన కొద్ది ఆలస్యము. అప్పుడు ఊపిరి తీసుకొనేది మన ఇష్టప్రకారము సాగదు గనుక ఎవరో అదిమినట్టు ఉంటుంది. సగము కల ఇంకా మిగిలి ఉంటుంది గనుక గదిలో నీడ కదిలినట్టు ఉంటుంది.

ఎరుక గల కల మాయమాట కాదు. 1975 ఏప్రిల్ 12న ఇంగ్లాండులోని హల్ విశ్వవిద్యాలయములో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు ఆలన్ వర్స్‌లీ అనే వ్యక్తిని యంత్రములు అమర్చి నిద్రపుచ్చాడు. అతడు కలలో ఇది కల అని తెలిసికొని, ముందు అనుకొన్న ప్రకారము కన్నులను ఎడమకు కుడికి త్రిప్పి సంజ్ఞ చేశాడు. అప్పుడతడు నిజముగా నిద్రలోనే ఉన్నాడని యంత్రములు చూపించాయి. 2021లో నాలుగు దేశముల పరిశోధకులు ఇంకొక మెట్టు ఎక్కారు. కలలో ఉన్న ఒకరిని ఎనిమిదిలో నుండి ఆరు తీసివేస్తే ఎంత అని అడిగితే, కన్నుల కదలికతోనే రెండు అని జవాబు వచ్చింది.

ఇది అరుదైన సంగతి కూడ కాదు. 50 ఏండ్ల పరిశోధనలను కలిపి 2016లో లెక్క చూస్తే, నూటికి సుమారు 55 మందికి జీవితములో ఒక్కసారైనా ఇలాటి కల వచ్చినట్టు తేలింది. కదలలేని స్థితి గూర్చి 2011లో అలాగే లెక్కించగా, సామాన్య ప్రజలలో నూటికి ఎనిమిది మంది, విద్యార్థులలో నూటికి 28 మంది దానిని ఎరిగినవారే. కాబట్టి మీ ఒక్కరికే వచ్చిన శాపమని ఎవరూ కుమిలిపోనక్కరలేదు.

ఒక పురాతన ఉత్తరము

సంఘ చరిత్రలో ఈ కల క్రొత్తది కాదని తెలిస్తే మీకు ఆశ్చర్యము కలుగవచ్చు. క్రీ.శ. 415 ప్రాంతములో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో సంఘమునకు బిషప్పుగా ఉన్న అగస్టీను, ఎవోడియస్ అనే మరొక బిషప్పుకు ఉత్తరము వ్రాస్తూ జెన్నాడియస్ అనే వైద్యుని కథ చెప్పాడు.

ఆ వైద్యుడు బీదలయెడల దయగలవాడు. కాని మరణము తరువాత జీవమున్నదా అని యౌవనములో సందేహపడేవాడు. ఒక రాత్రి కలలో ఒక యౌవనస్థుడు కనబడి, తన వెంట రమ్మని ఒక పట్టణమునకు తీసికొనిపోయాడు. అక్కడ ఎంతో మధురమైన గానము వినబడింది. మరుసటి రాత్రి అతడే మరల వచ్చి, నన్ను గుర్తుపట్టావా, ఎక్కడ చూశావు అని అడిగాడు. కలలో చూశానని వైద్యుడు జవాబిచ్చాడు. ఇప్పుడు చూస్తున్నదీ కలలోనే అని అతడు చెప్పగా వైద్యుడు ఒప్పుకొన్నాడు. మరి నీ శరీరము ఎక్కడున్నది? నా పక్క మీద ఉన్నది. నీ కన్నులు మూసియున్నవని తెలుసా? తెలుసు. అయితే నన్ను ఏ కన్నులతో చూస్తున్నావు? వైద్యుని దగ్గర జవాబు లేకపోయింది. నిద్రలో కన్నులు మూసియున్నా నీవు చూస్తున్నట్టే, మరణించిన తరువాత కూడ నీవు జీవిస్తావు, ఇకను సందేహింపకుమని ఆ యౌవనస్థుడు చెప్పాడట.

ఇక్కడ మేము గమనింపజేసేది ఒకటే. కలలో తనకు మెలకువ వచ్చినందుకు జెన్నాడియస్ బెదరలేదు. అగస్టీను దానిని దయ్యము పని అనలేదు. పదహారు వందల ఏండ్ల క్రిందటి పెద్దలు భయపడని దానికి మనమెందుకు భయపడాలి?

మన తీరములో ఇది ఎందుకు ఎక్కువగా రావచ్చు

రాత్రి మధ్యలో లేచి కొంతసేపు మెలకువగా ఉండి తిరిగి పడుకుంటే, ఎరుక గల కలలు, కదలలేని స్థితి రెండూ సులభముగా వస్తాయి. మన పాలెములలోని బ్రతుకు చూడండి. రెండింటికో మూడింటికో లేచి గాలి ఎటున్నదో చూసి, వేట లేదని తెలిసి మరల నడుము వాల్చేవారెందరు! రొయ్యల గుంటల కాపలాదారు కరెంటు పోయినప్పుడెల్ల ఉలిక్కిపడి లేచి ఏరేటర్లు చూసుకొని మరల పడుకుంటాడు. పరీక్షలకు చదివే పిల్లలు, చంటిబిడ్డల తల్లులు కూడ ఇంతే. చెదిరిన నిద్రలో తెలివి, శరీరము వేరు వేరు వేళలకు మేలుకుంటాయి. వెల్లకిల పడుకొనేవారికి కదలలేని స్థితి మరింత ఎక్కువగా వస్తుంది.

త్రాగుడు కూడ ఒక కారణము. మత్తు మొదటి జాములలో కలల వేళను అణచివేస్తుంది. అది దిగిన తరువాత అణగిన కలలన్నీ తెల్లవారుజామున ఒక్కసారి ముంచుకొస్తాయి. 1992లో దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు తిరిగిన జిల్లా మనది. త్రాగుడు కుటుంబమునకు చేసే కీడులో, చెడిన నిద్రను కూడ లెక్కవేసుకోవాలి.

ఇక పోయిన దినముల జ్ఞాపకములు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరము దాటిన తుఫానును, 2004 డిసెంబరు 26 ఆదివారము ఉదయము పొంగివచ్చిన సునామీ నీళ్లను కళ్లారా చూచినవారు మన మధ్య ఉన్నారు. అట్టివారికి అదే అల, అదే పరుగు ఏండ్ల తరబడి కలలో తిరిగి రావచ్చు. అది అవిశ్వాసము కాదు, గాయము. పనుల ఒత్తిడి వలన కలలు పుడతాయని ప్రసంగి గ్రంథము ఐదవ అధ్యాయములో ఉన్నది. భయమునకు కూడ ఆ శక్తి ఉన్నది.

ఇందులో ఒక చక్రము ఉన్నది. భయపడినవాడు సరిగా నిద్రపోడు. నిద్ర చెదరితే ఆ కలలే మరల వస్తాయి. అవి వస్తే భయము రెట్టింపవుతుంది. తాయెత్తు ఈ చక్రమును ఆపలేదు. కారణము తెలిసికోవడము వలననే అది తెగుతుంది.

ఏమి చేయాలి?

కదలలేని స్థితి వచ్చినప్పుడు పెనుగులాడవద్దు. కేక వేయాలని ప్రయత్నించవద్దు. ఊపిరి ఆగదని జ్ఞాపకము చేసుకోండి. మెల్లగా ఊపిరి విడుస్తూ ఒక వ్రేలి కొననో, కాలి బొటనవ్రేలినో కదపడానికి చూడండి. కొద్దిసేపటిలోనే కట్టు విడిపోతుంది. మనసులో ఒక చిన్న ప్రార్థన చెప్పుకోవడానికి నాలుక కదలనక్కరలేదు.

ఇది కల అని కలలోనే తెలిసినప్పుడు పారిపోవద్దు. శరీరము పక్క మీద క్షేమముగా ఉన్నదని తలంచుకోండి. ఆ కల దానంతట అదే ముగుస్తుంది. మెలకువ రాకుండ ఎవరూ అందులో ఉండిపోరు. తరుముకొచ్చేది ఏదైనా ఉంటే నిలబడి దానివైపు చూడండి. పరుగెత్తేకొలది కల పెరుగుతుంది. కావాలని ఈ కలలు తెప్పించుకోవడానికి నిద్ర పాడుచేసుకోవడము మాత్రము మంచిది కాదు.

ఒకే పీడకల పదే పదే వచ్చేవారికి వైద్యులు ఉపయోగించే ఒక సులువైన పద్ధతి ఉన్నది. పగటివేళ ఆ కలను ఒక కాగితము మీద వ్రాసుకోవాలి. దాని ముగింపు మీకిష్టమైనట్టు మార్చాలి. అల ముంచేసే కల అయితే, పిల్లలందరితో మెరక మీదికి చేరి, నీళ్లు తీసిపోవడము చూస్తున్నట్టు వ్రాయండి. ప్రతిదినము పది ఇరువది నిమిషములు ఆ మార్చిన కలనే మనసులో చూసుకోండి. వ్రాయడము రానివారు ఇంటివారితో చెప్పుకొన్నా చాలును. ఈ పద్ధతి వలన పీడకలలు తగ్గుతాయని 2001లో అమెరికాలో జరిగిన పరీక్షలో తేలింది.

వీలైనంతవరకు ఒకే వేళకు పడుకోండి. ప్రక్కకు తిరిగి పడుకోండి. ప్రొద్దుగూకిన తరువాత టీ మానండి. పడుకోబోయే ముందు సెల్‌ఫోనులో భయపెట్టే బొమ్మలు చూడవద్దు. నిద్రమాత్రలు మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు.

కొన్ని గుర్తులు ఉంటే డాక్టరును చూడాలి. మెలకువగా ఉన్నప్పుడు కూడ లేని స్వరములు వినబడడము, నిద్రలో లేచి కొట్టడము తన్నడము, గురక మధ్యలో ఊపిరి ఆగడము, పగలు పనిలో ఉండగా నిద్ర ముంచుకు రావడము, బ్రతుకు మీద విసుగు పుట్టడము, ఇవన్నీ అట్టి గుర్తులే. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు ఎవరైనా ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రార్థన చేసుకొంటూ డాక్టరు దగ్గరకు వెళ్లడములో తప్పేమీ లేదు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడే గదా.

పెద్దలకు ఒక మనవి

తల్లిదండ్రులారా, మీ బిడ్డ తెల్లవారి లేచి, "అమ్మా, రాత్రి నాకు మెలకువ వచ్చింది గాని కదలలేకపోయాను" అంటే, వానికి వినబడేటట్టు దయ్యము మాట ఎత్తవద్దు. "ఏమీ లేదు నాయనా, నీకంటె ముందు నీ కళ్లు లేచాయి, అంతే" అని దగ్గరకు తీసుకోండి. ఆ ఒక్క మాట వాని రాత్రులను కాపాడుతుంది. సంఘ పెద్దలారా, ఇట్టి మాట మీతో చెప్పుకొన్నవారి విశ్వాసమును తూచవద్దు. మొదట పూర్తిగా వినండి, తరువాత వారితో కలిసి ప్రార్థించండి.

గలిలయ సముద్రములో వల వేసిన పేతురు, హేరోదు చెరసాలలో ఇద్దరు సైనికుల మధ్య సంకెళ్లతో ఉండి కూడ, మరునాడు తనకు ఏమి సంభవించునో తెలియని ఆ రాత్రి నిద్రపోయాడని అపొస్తలుల కార్యముల 12వ అధ్యాయములో చదువుతాము. దేవదూత అతనిని తట్టి లేపవలసి వచ్చింది. అతని వలె వల వేసి బ్రతికే మన జనమునకు కూడ అట్టి నిద్ర దొరకాలి. దీపము ఆర్పి, పిల్లలను ప్రక్కన పడుకోబెట్టుకొని, ఈ రాత్రి నెమ్మదిగా కళ్లు మూసుకోండి.