ఉస్మానియా దవాఖాన, హైకోర్టు, కాచిగూడ స్టేషన్: ఈ మూడింటి వెనకా ఒకే ఆర్కిటెక్ట్!



మన దగ్గర ఎవరికైనా ఒంట్లో బాగా సీరియస్ అయితే ఏం చేస్తాం? ముందు మంచిర్యాలకు తీసుకుపోతాం. అక్కడ కాదంటే హైదరాబాద్. చేతిలో పైసలు లేనోళ్లకు హైదరాబాద్ అంటే ఉస్మానియా దవాఖానే. ఆ గుమ్మటాల కింద తెల్లార్లూ కూర్చున్నోళ్లు మన ఊళ్లలో చాలామందే ఉంటారు. ఆ బిల్డింగ్ ఎవరిదని అడిగితే "నైజాంది" అంటారు. నిజమే, కట్టించింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. కానీ డిజైన్ గీసిన మనిషి వేరే. ఆయన పేరు విన్సెంట్ జెరోమ్ ఎష్.

1876లో లండన్‌లో పుట్టాడు. కుర్రాడిగా ఉన్నప్పుడే ఇండియా వచ్చి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరాడు. అసలు పని నేర్చుకున్నది మాత్రం కలకత్తాలో. అక్కడి విక్టోరియా మెమోరియల్ ఫొటోలు మీరు చూసే ఉంటారు, ఆ పెద్ద పాలరాతి బిల్డింగ్. దాని డిజైన్ విలియం ఎమర్సన్‌ది. సైటు దగ్గరుండి పని నడిపించింది ఎష్. కలకత్తా నేల మెత్తన, అంత బరువున్న కట్టడాన్ని దాని మీద నిలబెట్టడం మామూలు విషయం కాదు. పేరేమో ఎమర్సన్‌కు వచ్చింది, అది వేరే సంగతి!

ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేలమంది చనిపోయారు. అప్పటి అఫ్జల్‌గంజ్ పార్కులోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా దవాఖాన వెనకాల ఉంది. వరద తర్వాత సిటీని కొత్తగా తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. 1914లో ఎష్‌ను పిలిపించారు.

ఆయన ఇక్కడ ఉన్నది ఏడేళ్లే. ఆ ఏడేళ్లలో వచ్చిన డిజైన్లు చూడండి. మూసీకి దక్షిణాన హైకోర్టు, దాని పక్కనే సిటీ హైస్కూల్ (అదే తర్వాత సిటీ కాలేజీ అయింది. 1952 ముల్కీ ఉద్యమంలో కాల్పులు జరిగిన చోటు). నదికి అవతల, హైకోర్టుకు ఎదురుగా ఉస్మానియా. ఊరిని ముంచిన నది ఒడ్డునే ఊరికి కొత్త ముఖం కట్టారన్నమాట. క్రెడిట్ అంతా ఎష్‌కే ఇస్తే తప్పవుతుంది. హైకోర్టు ప్లాన్‌లో జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ చెయ్యి ఉంది, కట్టించింది ఇంజనీర్ మెహర్ అలీ ఫాజిల్. 1915లో మొదలుపెట్టి 1919లో పూర్తి చేశారు.

నాకు పర్సనల్‌గా బాగా నచ్చేది కాచిగూడ స్టేషన్, 1916ది. బయటి నుంచి చూస్తే గుమ్మటాలు, మినార్లు, ఏదో కోటలా ఉంటుంది. రాతిది అనుకుంటాం, కానీ కాదు! ముందే అచ్చుల్లో పోసి తయారుచేసిన కాంక్రీటు ముక్కలతో కట్టారు. ఇప్పుడు మన ఊళ్లలో ప్లాట్ల చుట్టూ ప్రీకాస్ట్ కాంపౌండ్ వాల్ పెడుతున్నారు కదా, అదే ఐడియా. నూరేళ్ల కిందటే ఒక రైల్వే స్టేషన్‌కు వాడేశాడు. పాత రూపం, కొత్త టెక్నిక్.

ఉస్మానియా 1925లో తయారైంది. అప్పటికే ఎష్ హైదరాబాద్ కొలువు వదిలేశాడు. 1950లో చనిపోయాడు.

ఇక ఇప్పటి సంగతి. 2020 జూలై వానలకు ఉస్మానియా పాత బిల్డింగ్ వార్డుల్లోకి నీళ్లొచ్చాయి. పేషెంట్లు మంచాల మీదుంటే కింద నీళ్లు, ఆ వీడియోలు మన ఫోన్లలో కూడా తిరిగాయి. ఆ నెలలోనే పాత బిల్డింగ్ ఖాళీ చేయించారు. కొత్త దవాఖానకు 2025 జనవరి 31న గోషామహల్‌లో పునాదిరాయి పడింది. హైకోర్టుకు కూడా రాజేంద్రనగర్‌లో 100 ఎకరాల్లో కొత్త బిల్డింగ్ వస్తోంది, దానికి 2024 మార్చిలో శంకుస్థాపన అయింది. అంటే ఎష్ కట్టడాల్లో రెండు, అవి ఏ పని కోసం పుట్టాయో ఆ పనికి దూరమవుతున్నాయి.

కొత్త దవాఖాన వద్దని నేను అనను. చెన్నూరు నుంచి పోయే పేషెంటుకు కావలసింది గుమ్మటం కాదు, తడవని మంచం. కానీ పాతదాన్ని వానకు వదిలేస్తే మాత్రం ఒప్పుకోలేను. మీరేమంటారు, కూల్చాలా, ఉంచాలా? ఉంచితే లోపల ఏం పెట్టాలి? ఈసారి అఫ్జల్‌గంజ్ వైపు పోతే, బ్రిడ్జి మీద నిలబడి రెండు ఒడ్లూ ఒకసారి చూసి చెప్పండి.