చుక్క తరువాతవి గుంటలు, దశాంశములు కావు

పట్టాదారు పాసుపుస్తకమునందు 2.20 అని యున్న విస్తీర్ణమును ఆంగ్ల దస్తావేజులో ‘టూ పాయింట్ టూ జీరో ఏకర్స్’ అని వ్రాయవలెనను నమ్మకము, దుబాయి, మస్కట్ నగరములలో పని చేయు అన్నదమ్ముల కొరకు జి.పి.ఏ. (సాధారణ అధికారపత్రము) ముసాయిదాలను ఆంగ్లమున వ్రాయించుకొను కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతముల కుటుంబములకు ప్రత్యక్షముగా హాని చేయుచున్నది.

ఆ చుక్క ఎకరములను గుంటలను వేరుపరచు గుర్తు మాత్రమే. ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజములు గనుక, 2.20 అనగా ‘టూ అండ్ ఎ హాఫ్ ఏకర్స్’, అనగా 12,100 చదరపు గజములు. పాయింటు అని వ్రాసినచో అది 2 ఎకరముల 8 గుంటలకు దిగిపోయి, 12 గుంటల నేల, అనగా 1,452 చదరపు గజములు, కాగితముపై లోపించును. సందేహించువారు తమ పహాణీని తెరచి చూతురు గాక: చుక్క తరువాత గుంటల సంఖ్య 40ని చేరదు. ఇద్దరన్నదమ్ముల 1.30, 1.30 విస్తీర్ణములను కూడిన క్యాలిక్యులేటరు 2.60 అని చూపును. సరియైన మొత్తము 3.20. 2018 మే 10న హుజూరాబాదు ప్రాంతమున ఆరంభమైన రైతుబంధు పథకములో నాడు ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున 2.20 గల రైతుకు రావలసియుండినది 10,000 గాని 8,800 కాదు. సొమ్ము లెక్కలో తప్పని ఈ భేదమును దస్తావేజులో మాత్రమేల మరువవలెను? కోస్తా జిల్లాలలో ఎకరమునకు 100 సెంట్లు గనుక అచ్చట చుక్క దశాంశమే యగును. ఆ పద్ధతిని మన గుంటలకు అంటగట్టరాదు.

‘అండ్ ఎ’ అను మాటలు లేకున్నను అర్థము మారదనుట మరియొక అపోహ. ‘వన్ హాఫ్ ఏకర్’ 20 గుంటలు; ‘వన్ అండ్ ఎ హాఫ్ ఏకర్స్’ 60 గుంటలు. మూడింట రెండు పాళ్లు ‘టూ-థర్డ్స్’. చివరి బహువచనమును విడువరాదు. అంకెలు సరిగానున్నచో అక్షరములెట్లున్నను చెల్లుననుటయు నిరాధారమే. చెక్కుల విషయమున 1881 నాటి చట్టము అక్షరములకే ప్రాధాన్యమొసగినది.

‘త్రీ బై ఫోర్’ అనుట శుద్ధ దోషమని కొందరందురు. బడిలో లెక్క చదువునప్పుడు, ముఖ్యముగా హారము పెద్దదైనప్పుడు, ఆ మాట సౌకర్యమే యని ఒప్పుకొనక తప్పదు. అయినను వాటాల పత్రములో ‘త్రీ-ఫోర్త్స్’ అనియే వ్రాయవలెను.

భూమి విషయమున భిన్నముల జోలికే పోక, ‘టూ ఏకర్స్ అండ్ ట్వంటీ గుంటాస్’ అని వ్రాయించి, ప్రక్కనే చదరపు గజములను చేర్పించుట సర్వోత్తమము. సంతకమునకు మునుపు ఆ వాక్యమును తెలుగున చదివించుకొని, పాసుపుస్తకములోని గుంటలతో సరిచూచుకొనుడు.