ఫ్యాను తుడవాలంటే కుర్చీ ఎక్కాల్సిందేనా?

మన కొల్లూరు వైపు ఇళ్ళల్లో ఫ్యాను ఎంత తుడిచినా నెల తిరక్కుండానే మళ్ళీ దుమ్ము పేరుకుపోద్ది. ఇటుక బట్టీల బూడిద, ట్రాక్టర్లు లేపే మట్టి, వంటింటి నూనె పొగ, మూడూ కలిసి జిడ్డుగా అంటుకుంటయ్. అంత గిర్రున తిరిగే రెక్క మీద దుమ్ము ఎట్టా నిలబడుద్ది అంటారా? రెక్కను ఆనుకునుండే పల్చటి గాలి పొర రెక్కతో పాటే తిరుగుద్ది. దాంట్లో చిక్కిన సన్న దుమ్మును ఊడగొట్టే బలం బయటి గాలికి ఉండదు. గాలిని ముందుగా కోసే అంచు చూడండి, అక్కడే ఎక్కువ పడుద్ది.

మరి తుడిచేది ఎవరు? సంక్రాంతికో ఉగాదికో, అమ్మే. మంచం మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒక చేత్తో రెక్క పట్టుకుని, ఇంకో చేత్తో తడిగుడ్డ. ఆ వయసులో జారిపడి తుంటి ఎముక విరిగిందంటే నెలల తరబడి లేవలేరు. అందరం దాన్ని పండగ పని అనుకుంటాం గానీ, సరైన పనిముట్టు లేక వచ్చిన తిప్పలు అనుకోం.

బూజుకర్రతో దులిపితే దుమ్మంతా కళ్ళల్లో పడుద్ది. పైగా అది తగిలేది రెక్క కింద వైపు, దుమ్ముండేదేమో పైన. పాత దిండు గలీబు రెక్కకు తొడిగి లాగటం తెలివైన పద్ధతి, దుమ్ము లోపలే రాలుద్ది. కాకపోతే దానికీ పైకెక్కాలి. బజార్లో రెక్కను రెండు వైపులా పట్టే బ్రష్షులు సాగే గొట్టంతో దొరుకుతున్నయ్. వాటిల్లో చాలావాటికి గొట్టం మొత్తం సాగదీస్తే కొస ఊగుద్ది, తడిచేతికి లాక్ బిగుసుకోదు.

తెలంగాణలో ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు ఆసు పోసీ పోసీ వాళ్ళమ్మ లక్ష్మి గారి భుజం నొప్పులు పడటం చూసే, 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పని మొదలైంది అమ్మ చెయ్యి ఎట్టా కదులుతుందో చూడటంతోనే.

మనమూ అట్టాగే లెక్క చూద్దాం. 10 అడుగుల స్లాబుకు రెక్కలు దాదాపు 9 అడుగుల ఎత్తులో ఉంటయ్. 5 అడుగుల మనిషి చేతులు ఛాతీ దగ్గరే ఉంచుకుని తుడవాలంటే 5, 6 అడుగుల కర్ర చాలు. చేతులు తలపైకి ఎత్తి చేస్తే కాసేపటికే భుజాలు లాగుతయ్. కర్ర వాలేకొద్దీ కొసన ఉన్న బరువు చేతుల మీద ఎన్నో రెట్లు పడుద్ది. కాబట్టి సన్న వెదురో, పీవీసీ పైపో. కొసన రెక్క పట్టేంత వెడల్పుగా వంచిన తీగ, దానికి కుట్టిన దిండు గలీబు. కర్ర ఏటవాలుగా వచ్చుద్ది, రెక్కేమో అడ్డంగా ఉంటది. అందుకని కొస దగ్గర వంగే కీలు పెట్టాలి, అసలు కిటుకంతా అక్కడే. అది లేకపోతే రెక్కను కిందికి గుంజుతాం, రెక్క వంగితే ఫ్యాను ఊగటం మొదలుపెట్టుద్ది.

చేశాక అమ్మ చేతికిచ్చి, స్విచ్ ఆపి, మూడు రెక్కలూ తుడవమనండి. మీరు పక్కన నిలబడి ఎక్కడ ఆగుతుందో చూడండి. "బానే ఉందిలే" అంటుంది, ఆ మాట పట్టించుకోకండి. భుజం రుద్దుకుంటుందేమో చూడండి.