గట్టు మీద గునుగు బతకాలంటే

కిందటి బతుకమ్మకు మీరు గునుగు పువ్వు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు? మా సంగారెడ్డిలో అయితే దాదాపు అందరం బజారులో కొన్నవాళ్లమే. కట్టకు అడిగినంత ఇచ్చి, ఇంటికొచ్చి రంగుల్లో ముంచుకున్నాం. దీనికి డబ్బులిస్తామంటే మా నానమ్మ నవ్వేది. ఎవరూ విత్తకుండానే చేలల్లో మొలిచే మొక్క అది. లేతగా ఉంటే కూర, ముదిరితే పువ్వు.

ఇప్పుడెందుకు కరువైందంటే చేనంతా ఒకే పంట అయింది, దానికి తోడు గడ్డిమందు వచ్చింది. కలుపు తీయడానికి కూలీలు దొరకరు, దొరికినా ఖర్చు తడిసి మోపెడు. రైతుని ఏమనగలం? కానీ ఆ మందు చేలో ఆగడం లేదు, గట్లకూ కొడుతున్నారు. గట్టు మాడితే గునుగే కాదు, తంగేడు, తుమ్మి, జొన్నచెంచలి అన్నీ పోతాయి. తంగేడు ఆకు తిని పెరిగే లేతపసుపు సీతాకోకచిలుకలూ పోతాయి.

జహీరాబాద్ వైపు మా అత్తగారికి మూడెకరాలుంది, కౌలుకిచ్చాం. మూడేళ్ల కిందట అత్తమ్మ పట్టుబట్టింది, గట్టుకు మందు కొట్టొద్దని. ఆవిడకు కావలసింది కూరాకు, నాకు పువ్వు. కౌలుదారేమో, "గట్టు మీద గడ్డుంటే పాములొస్తయ్ అక్కా, కలుపు విత్తనం చేన్ల రాలుతది" అన్నాడు. అబద్ధమేం కాదు. చివరికి ఎకరానికి వెయ్యి రూపాయలు కౌలు తగ్గిస్తామంటే ఒప్పుకున్నాడు. "మూడు వేలకు ఎన్ని కట్టల గునుగొస్తదో లెక్కేసినవా?" అని మా ఆయన ఎత్తిపొడుపు!

మాకు ధైర్యమిచ్చింది ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల పేరు మీరు వినే ఉంటారు. ఎక్కువమంది దళిత స్త్రీలు, చిన్న కమతాల వాళ్లు. జొన్న, కంది, కొర్ర, సజ్జ, అనుములు, అలసంద కలిపి ఒకే చేలో వేస్తారు. విత్తనం ఇంట్లోనే బూడిద, వేపాకు కలిపి దాచుకుంటారు. సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఆ విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పుతారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వీళ్లకే వచ్చింది. మనం కలుపు అని పీకేసే ఆకుల్ని వాళ్లు కూరలుగా లెక్కపెడతారు. ఈ ఒక్క మాట చాలు, చేను చూసే చూపు మారిపోతుంది.

కలిపి వేస్తే లాభమేమిటి అంటారా? అలసందకు పేనుబంక పడుతుంది. అయ్యో అనుకోకండి. ఆ బంకను తినడానికి అక్షింతల పురుగులు చేరతాయి. ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలుంటాయే, అవే. అక్కడ పెరిగి పక్కనున్న పత్తి మీదికీ పోయి బంకను తింటాయి. చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్న వేస్తే బయటి నుంచి ఎగిరొచ్చే పురుగుకు కొంత అడ్డు, కంకులకు పిట్టలు కూడా వస్తాయి. పంగల కర్రలు పాతితే వాటి మీద పసులపోలిగాడు, పాలపిట్ట వాలి పురుగులేరుకుంటాయి. మా అత్తమ్మ ఇవన్నీ ఏ పుస్తకంలోనూ చదవలేదు, "పురుగంత మందుకే చస్తే పిట్ట ఏం తినాలె?" అంటుంది, అంతే.

మొదటి ఏడు గట్టు మీద ఉత్త గడ్డే. రెండో వానాకాలానికి గునుగు, దొగ్గలి కూర వచ్చాయి. తంగేడు మేం నాటినవి నాలుగే బతికాయి, మిగతావి మేకల పాలు. పూసినవాటి మీద నల్ల తుమ్మెదలు రొద పెడుతుంటే మా పాప గంటసేపు కదల్లేదు. పత్తి దిగుబడి పెరిగిందని మాత్రం చెప్పను. తగ్గలేదు, మందు ఖర్చు కొంత తగ్గిందని కౌలుదారే ఒప్పుకున్నాడు. అయినా పక్క చేనువాళ్లు కొట్టే మందు గాలికి మా గట్టు మీద పడుతూనే ఉంది. ఆ మూలన ఏదీ మొలవదు.

పట్నంలో ఉంటున్న మనలో చాలామందికి ఊళ్లో ఎకరమో అరెకరమో ఉంటుంది. కౌలు మాట్లాడేటప్పుడు డబ్బుల దగ్గరే ఆగిపోతాం. గట్టుకు మందు కొట్టకూడదని, నాలుగు సాళ్లు జొన్నో అలసందో వేయాలని ఆ కాగితంలోనే రాయించుకోండి. దానికి తగ్గట్టు కౌలు తగ్గించండి, ఉత్తినే అడిగితే ఎవరూ వినరు. ఈ ఉగాదికి మా కాగితం మళ్లీ రాయాలి. ఈసారి పక్క చేనాయన్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడదామంటోంది అత్తమ్మ.