లెక్కలూ ఫిజిక్సూ: ఒక బండికి జోడెడ్లు



మా నవీపేటలో ఇంటర్ పాసైన ఓ అమ్మాయి డిగ్రీలో లెక్కలూ, ఫిజిక్సూ కలిపి చదువుతానంది. వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి, "రెండూ కష్టమైనవే గదా అక్కా! ఒక్కటి తీసుకుంటే సాలదా?" అంది. మీలో చాలామందికీ ఈ సందేహం ఉండవచ్చు.

ముగ్గు సంగతే చూడండి. నాలుగు వైపులా ఒకేలా ఉండే ముగ్గుకు ఒక వైపు తెలిస్తే చాలు, తక్కినది చెయ్యే వేసుకుపోతుంది. ఇలా తిప్పినా మారని ఆకారాల లెక్కను గణితంలో సమూహ సిద్ధాంతం అంటారు.

ఇక వంటింట్లోకి రండి. ఉప్పు, పంచదార పలుకులు స్ఫటికాలే. స్ఫటికాన్ని నొక్కితే ఎటు ఎంత అణుగుతుందన్నది ఫిజిక్సు ప్రశ్న. ఏ వైపూ మరో వైపును పోలని స్ఫటికానికైతే ఇందుకోసం 21 సంఖ్యలు కొలవాలి. బోధన్ ఫ్యాక్టరీ 2015లో మూతపడేదాకా మనకిచ్చిన పంచదార ఉందే, ఆ పలుకుకు 13 చాలు. ఉప్పు కల్లుకు మూడే మూడు! కొలవకముందే ఈ మాట చెప్పేది లెక్కలు. ఆ మూడూ ఎంతెంతో మాత్రం ప్రయోగశాలలో కొలిచి చూడాల్సిందే.

మన తెలుగువారు సూరి భగవంతం గారు ఈ దారిలోనే నడిచారు. 1909లో ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, సి.వి. రామన్ గారి దగ్గర పరిశోధన చేశారు. సమూహ సిద్ధాంతం ఫిజిక్సుకు ఎలా పనికొస్తుందో వెంకటరాయుడు గారితో కలిసి ఆయన రాసిన పుస్తకం 1948లో వాల్తేరులో అచ్చయింది. తరువాత 1952 నుంచి 1957 దాకా ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు.

ఇబ్బందులు లేవని నేననను. ఫిజిక్సు క్లాసులో కలనగణితం అవసరం పడేనాటికి లెక్కల క్లాసు ఒక్కోసారి అక్కడికి చేరి ఉండదు. పిల్ల తనకే తెలివి లేదనుకుని బెంగపడుతుంది. అప్పుడు చదువు మానిపించే మాట అనకండి. "నీ తప్పు కాదమ్మా, లెక్కల మేడాన్ని ముందే అడిగి తెలుసుకో" అని ధైర్యం చెప్పండి. ఫిజిక్సులో వచ్చిన ప్రతి సూత్రాన్నీ బట్టీ పట్టకుండా, లెక్కల నోట్సు పక్కన పెట్టుకుని తానే రాబట్టమనండి. సాయంత్రం ఓ గంట వంటపని చెప్పకండి.

2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం మన డిచ్‌పల్లిలోనే ఉంది. పై చదువుకు దూరాభారం సాకు కూడా లేదు.

ఆ తల్లికి నేను చెప్పింది ఒక్కటే: "చెరుకు బండి ఒంటెద్దుతో కదులుతదా చెల్లె? జోడెడ్లు కట్టు!"